మాత్ర దిగిపోయే వేళ

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ మొదలైతే రాత్రీ పగలూ తేడా ఉండదు. తోతాపురి కాయలతో ట్రాక్టర్లు గేటు బయట వరుస కట్టి ఉంటాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నాది ఉద్యోగం. గుజ్జు చుక్క రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి బ్రిక్స్, అంటే తీపి ఎంతుందో చూడాలి, పులుపు ఎంతుందో టైట్రేషన్ చేయాలి, రిజిస్టర్‌లో రాయాలి. ఒక నైట్ షిఫ్ట్‌లో బ్యూరెట్ తిప్పుతుండగా గుండె దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, ఇక ప్రాణం పోతుందనే అనుకున్నాను. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి. ఊళ్లో డాక్టరు "టెన్షనమ్మా, గుండెకేం లేదు" అని ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాముల మాత్ర రాశారు.

ఆ మాత్ర పనిచేసింది. అది దాచను. వేసుకున్న కాసేపటికే ఛాతీ మీద బరువు దించినట్టయింది, ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను. భయంతో వణికిపోయే మనిషికి ఆ ఊరట ఎంత పెద్దదో అనుభవించినవాళ్లకే తెలుసు. అయితే చీటీ మీద ఎన్నాళ్లు వాడాలో రాయలేదు, అయిపోయినప్పుడల్లా అదే చీటీ చూపించి తెచ్చుకున్నాం. కొన్ని నెలలకు తెల్లవారుజామునే దడతో మెలకువ రావడం మొదలైంది. మళ్లీ చూపించుకుంటే డోసు 0.5కి పెరిగింది, పగలు కూడా ఒకటి వచ్చి చేరింది. ల్యాబ్ రిజిస్టర్‌లో రీడింగ్ నా చేతిరాతతోనే ఉండేది, ఎప్పుడు చూశానో ఎంత ఆలోచించినా గుర్తొచ్చేది కాదు. జబ్బు ముదురుతోందని ఇంట్లో అందరం బెంగపెట్టుకున్నాం.

ఒకసారి మా డాక్టరు ఊళ్లో లేరు. కొత్త మెడికల్ షాపులో అబ్బాయి చీటీ పాతదని మందు ఇవ్వనన్నాడు. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1లో, అంటే గట్టి నిఘాతో అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది. సరైన చీటీ ఉండాలి, డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రంగా ఉంచాలి. అతను చేసింది న్యాయమే. మాత్ర లేకుండా గడిచిన ఆ గంటల్లో మాత్రం నా ఒళ్లు నా మాట వినలేదు. వేళ్లు వణికి గ్లాసు పట్టు జారేది. పక్కింట్లో మిక్సీ వేస్తే తలలో సుత్తితో కొట్టినట్టుండేది. చెమటలు పోసేవి, కన్ను మూతపడేది కాదు. మా ఆయన భయపడి నన్ను బస్సెక్కించి తిరుపతిలో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లారు.

ఆ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ అడగనిది. "దడ ఏ వేళకి వస్తోందమ్మా? మాత్ర వేసుకున్నాక ఎన్ని గంటలకి?" వేళలన్నీ చెప్పాను. ఆమె కాగితం మీద గీత గీసి చూపించారు. మందు రక్తంలో సగానికి తగ్గడానికి ఆల్ప్రజోలంకు సుమారు 11 గంటలు పడుతుంది. నా తెల్లవారుజాము దడ సరిగ్గా ఆ గీత కిందికి దిగే చోటే ఉంది. నాకు జబ్బు ముదరడంలా అనిపించినదాంట్లో ఎక్కువ భాగం మాత్ర దిగిపోవడమేనని అప్పుడు తెలిసింది. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే ఆ నెలలు ఎంత వేరుగా ఉండేవో! అందుకే ఇదంతా రాస్తున్నాను.

మెదడులో నరాల ఉద్రేకాన్ని అణచడానికి గాబా అనే రసాయనం ఉంది. అది నరకణం మీదున్న గ్రాహకానికి (రిసెప్టర్‌కి) అతుక్కున్నప్పుడు అందులోని ద్వారం తెరుచుకుని, క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్లి కణం నెమ్మదిస్తుంది. ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోనాజెపామ్ లాంటి బెంజోడయాజెపైన్లు ఆ ద్వారాన్ని తామే తెరవవు. అదే గ్రాహకం మీద ఇంకో చోట కూర్చుని, గాబా వచ్చినప్పుడు ద్వారం మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. ఈ జాతి మందులే అయిన లిబ్రియం 1960లో, వాలియం 1963లో వచ్చినప్పుడు పాతకాలపు నిద్రమందులైన బార్బిట్యురేట్ల కన్నా క్షేమమని డాక్టర్లు ఆదరించింది ఇందుకే. మద్యంతోనో, మార్ఫిన్ జాతి నొప్పి మందులతోనో కలిస్తే మాత్రం ఆ క్షేమం ఉండదు, ఊపిరే ఆగిపోవచ్చు. ఇక నెలల తరబడి రోజూ వాడితే మెదడు ఆ సాయానికి అలవాటుపడి సొంత బ్రేకును సడలిస్తుంది. ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఎన్నో వారాలుగా రోజూ వేసుకుంటున్నవాళ్లు ఇది చదివి దయచేసి తమంతట తాము ఆపేయకండి. మీ డాక్టరుతో మాట్లాడండి.

నాకు ఆల్ప్రజోలం బదులు, ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలిచే క్లోనాజెపామ్ ఇచ్చారు. దాన్ని వారాల తేడాతో కొంచెం కొంచెంగా తగ్గించారు. దాంతోపాటే ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు, తర్వాత 10 చేశారు. ఇది మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందు, వెంటనే ఏమీ తెలియదు. మొదట్లో కడుపులో తిప్పడం, ఆందోళన కాస్త పెరగడం ఉంటాయని ముందే చెప్పారు, అలాగే అయింది. చెప్పి ఉండకపోతే ఆ మందు కూడా వదిలేసేదాన్ని. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనలాల్ ఇవ్వొచ్చా అని మా ఆయన అడిగారు. నాకు చిన్నప్పటినుంచి ఉబ్బసం ఉంది కాబట్టి వద్దన్నారు.

మందుల కన్నా కష్టమైంది కౌన్సెలింగ్‌లో చేసిన పని. నాకు భయమేసేది గుండె వేగానికే. మెట్లెక్కడం ఎప్పుడో మానేశాను. అలాంటిదాన్ని అలిపిరి మెట్లు ఎక్కమన్నారు, అదీ ముందుగా మాత్ర వేసుకోకుండా. "మాత్ర వేసుకుని ఎక్కితే, మాత్ర వల్లే బతికానని మీ మనసు లెక్కేసుకుంటుంది" అన్నారు కౌన్సెలర్. మొదటిసారి కొన్ని మెట్లకే మోకాళ్లు వణికాయి. రాతిగోడకు ఆనుకుని కూర్చున్నాను. మా ఆయన నీళ్ల సీసా మూత తీసి పట్టుకున్నారు, ఏమీ మాట్లాడలేదు, మాట్లాడొద్దని ఆయనకూ చెప్పి పంపారు. మెట్లకు పసుపు కుంకుమ పెడుతూ వంగి వంగి ఎక్కుతున్న ఒక ముసలమ్మ నన్ను దాటుకుని వెళ్లిపోయింది. దడ పెరిగింది, పెరిగింది, కాసేపు అక్కడే నిలిచి తనంతట తానే తగ్గింది. ఏ మాత్రా లేకుండా తగ్గడం అంతకుముందు నేను చూడలేదు. తర్వాత వీలైనప్పుడల్లా వెళ్లాను. గాలిగోపురం దాకా నిట్టనిలువు ఎక్కుడు. అది దాటిన రోజు గుండె ఎంత కొట్టుకుందో! ఎక్కితే కొట్టుకుంటుంది మరి, అని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను.

క్లోనాజెపామ్ పూర్తిగా ఆగిపోయింది. చివరి పావు మాత్ర మానడమే అన్నిటికన్నా కష్టమైంది, కొన్నాళ్లు నిద్ర చెదిరింది, తర్వాత కుదురుకుంది. ఎస్సిటాలోప్రామ్ ఇంకా నడుస్తోంది. దాన్ని కూడా నెమ్మదిగానే తగ్గిస్తామన్నారు. ఫ్యాక్టరీలో పగటి షిఫ్ట్ అడిగి తీసుకున్నాను.

మొన్న మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో నిద్ర పట్టక, "నీ పాత నిద్రమాత్రలు మిగిలుంటే ఒకటియ్యమ్మా" అంది. నేనివ్వలేదు. పెద్ద వయసులో ఈ మందులతో తూలు వస్తుంది, మతిమరుపు పెరుగుతుంది, రాత్రి బాత్రూమ్‌కి లేచి పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఆమెను ఎముకల డాక్టరుకు చూపించాం. నొప్పికి మందు, తొడ కండరాలకు వ్యాయామం చెప్పారు. సాయంత్రం పూట నేను పక్కన కూర్చుని అవి చేయిస్తున్నాను.