ఫర్నేస్‌లో ఒక్క రాయి కాలడానికి 22 సెకన్లు

మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో ఫర్నేస్, అంటే కొలిమి, ఒక రాయిని కాల్చడానికి సరిగ్గా 10 సెకన్లు తీసుకుంటుంది. మొన్న ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే నా ల్యాప్‌టాప్‌లో 22 సెకన్లు పట్టింది. ఇంకోసారి చూశాను. మళ్లీ 22. తెర మీద బొమ్మ మాత్రం ఎక్కడా అతుక్కోకుండా హాయిగా కదులుతోంది. అంతకు రెండు వారాల ముందు నుంచీ ఆ బొమ్మను బాగుచేయడానికే తంటాలు పడ్డాను. అది బాగుపడ్డాక కూడా ఆట ఇంత నెమ్మదిగా ఉండటం నాకు మింగుడు పడలేదు.

ఈ ప్రపంచం నేనూ మా చెల్లీ కలిసి కట్టుకున్నది. 2021 నవంబర్ చివర్లో ఆట 1.18 వెర్షన్ వచ్చింది. కొండలు ఎత్తుగా, గుహలు లోతుగా మారిపోయాయి. ఆ వారంలోనే మొదలుపెట్టాం. ఇప్పుడు తను వేరే చోట చదువుకుంటోంది, ఇద్దరికీ ఒకే సమయంలో తీరిక దొరకదు. అందుకని వంతులు వేసుకున్నాం: ఒక వారం తను ఆడుతుంది, ఒక వారం నేను ఆడతాను. వంతు అయిపోగానే సేవ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఆ ప్రపంచాన్ని జిప్ చేసి ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టేస్తాం. తన కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు, కొత్త ప్రాసెసర్ ఉన్నాయి. నాది పాత ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏడాదిగా నా వంతు వచ్చిన ప్రతిసారీ ఆటలోని మా ఊరి వీధిలో నడుస్తుంటే ఫ్రేములు, అంటే సెకనుకు తెర మీద గీసే బొమ్మలు, 20 చుట్టూ తిరిగేవి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే చాలామంది మొదట చేసేది అదే. ఆట నెమ్మదిగా ఉందంటే ర్యామ్ చాలట్లేదేమో అనుకున్నాను. ఆటను తెరిచే లాంచర్ నా దగ్గర దానికి 2 జీబీ ఇచ్చింది. ఇన్‌స్టాలేషన్ సెట్టింగుల్లో జేవీఎమ్ ఆర్గ్యుమెంట్స్ అనే గడిలో ఆ అంకె ఉంటుంది. దాన్ని 6 చేశాను. ఆట మరింత అధ్వాన్నం అయింది. మొత్తం ఉన్నదే 8 జీబీ, విడి కార్డు లేదు కాబట్టి గ్రాఫిక్స్ చిప్ కూడా అందులోంచే వాడుకోవాలి, ఇక విండోస్‌కి మిగిలేదెంత? అది డిస్క్ మీదికి సర్దుకోవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేస్తే ఒక కుదుపు. జావాలో రాసిన ఆట కాబట్టి మెమరీలో పేరుకున్న చెత్తను జావాయే ఎప్పటికప్పుడు ఊడుస్తుంటుంది. ఎఫ్3 నొక్కితే కుడి పక్కన మెమరీ శాతం కనిపిస్తుంది. అది 40 నుంచి 90 దాకా పెరిగి, ఠక్కున పడిపోయి, మళ్లీ పెరుగుతుంటే కంగారు పడాల్సిన పని లేదు, అది దాని ఊపిరి. పడిపోయాక కూడా 90 దగ్గరే నిలబడిపోతోందంటే అప్పుడు నిజంగా చాలట్లేదన్నమాట. నాకు 3 జీబీ సరిపోయింది.

అసలు తేడా రెండు చోట్ల వచ్చింది. ఒకటి, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకే 8 జీబీ ర్యామ్ కడ్డీ, పక్క స్లాట్ ఖాళీ. విడి కార్డు లేని మెషీన్‌లో బొమ్మ గీయడానికి కావలసిన సమాచారమంతా ర్యామ్ దారిలోనే నడవాలి. డీడీఆర్4 2400 కడ్డీ ఒక్కటే ఉంటే ఆ దారి వెడల్పు సెకనుకు 19.2 జీబీ. అలాంటిదే రెండోది పక్కన పెడితే రెండు దారులు తెరుచుకుని 38.4 అవుతుంది. రెండో కడ్డీ పెట్టిన రోజు సెట్టింగుల్లో ఒక్క అంకె కూడా మార్చకుండానే ఫ్రేములు 24 నుంచి 35 దాటాయి. వెనక మూత తీసినప్పుడు ఫ్యాన్ రెక్కలకు పట్టిన దుమ్ము కూడా బ్రష్‌తో దులిపాను. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

రెండోది మాడ్‌లు, అంటే ఆటకు తగిలించే చిన్న ప్రోగ్రాములు. మాడ్‌లను ఆటలోకి ఎక్కించే ఫాబ్రిక్ లోడర్ వేసి, దాని మీద సోడియం, లిథియం, ఫెరైట్‌కోర్ పెట్టుకున్నాను. ఈ మూడూ ఆటలోకి కొత్త వస్తువు ఏదీ తేవు, అందుకే వీటిని ఎంచుకున్నాను. మా ప్రపంచం వచ్చే వారం చెల్లి దగ్గరికి వెళ్లాలి. తన దగ్గర ఏ మాడ్ లేకపోయినా అది మామూలుగా తెరుచుకోవాలి. సోడియం గీసే పద్ధతిని మారుస్తుంది, ఫెరైట్‌కోర్ మెమరీ వాడకం తగ్గిస్తుంది, లిథియం ఆట లోపలి లెక్కల్ని వేగంగా చేస్తుంది. ఆటను వేగంగా చేసే ఇంకో మాడ్ ఆప్టిఫైన్‌కి అలవాటుపడినవాళ్లు దాన్నీ సోడియంనీ కలిపి వేయకండి, ఒకదానితో ఒకటి పడదు. వేసే ముందు ప్రపంచం ఫోల్డర్‌ని కాపీ చేసి వేరే చోట పెట్టుకోండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మేం 1.20.1లోనే ఆగిపోయింది కూడా అందుకే. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన ప్రపంచాన్ని పాత వెర్షన్‌కి క్షేమంగా వెనక్కి తేలేం.

సెట్టింగుల్లో నేను పట్టించుకున్నది ముఖ్యంగా ఒక్కటే, రెండర్ డిస్టెన్స్, అంటే మన చుట్టూ ఎంత దూరం దాకా తెర మీద గీయాలో చెప్పేది. ప్రపంచం 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు ఉండే చంకులుగా ఉంటుంది. 1.18 నుంచి ఒక్కో చంక్ ఎత్తు 384 బ్లాకులు. దూరం 12 పెడితే మన చుట్టూ నాలుగు వైపులా కలిపి 625 చంకులు. 8 పెడితే 289. అంకెలో పోయింది మూడో వంతే అయినా పనిలో సగానికి పైగా తగ్గిపోయింది. మేఘాలు, ఆకుల నీడల్లాంటివి ఒక్కొక్కటీ ఆపి చూసి కుస్తీ పట్టేకన్నా ఈ ఒక్క గీతను జరపడం మేలు. చివరగా ఫ్రేముల పరిమితిని 60కి కట్టేశాను, నా తెర 60 హెర్ట్జ్‌దే కదా. అప్పటి నుంచి మెషీన్ చల్లగా ఉంది, ఫ్రేములు 60 దగ్గర నిలబడ్డాయి.

సరిగ్గా అప్పుడే ఫర్నేస్ సంగతి కంటపడింది. ఇంకా కొన్ని వింతలు కూడా ఉన్నాయి. రాయి పగిలిపోతుంది, కానీ దాని ముక్క కాసేపటికి గానీ నేల మీద కనిపించదు. ఇనుప తలుపు లివర్ నొక్కితే, ఆలోచించుకుని తెరిచినట్టు తెరుచుకుంటుంది. పట్టాల బండి నడక కంటే నెమ్మదిగా పోతుంది. నేను మాత్రం మామూలు వేగంతోనే పరుగెత్తగలుగుతున్నాను.

దీని గుట్టు తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 2012లో వచ్చిన 1.3 వెర్షన్ నుంచి, మనం ఒక్కరమే ఆడుతున్నా సరే, ఆట లోపల ఒక సర్వర్ నడుస్తుంటుంది. బొమ్మ గీసేది ఒకటి, ప్రపంచాన్ని నడిపేది ఇంకొకటి. నడిపేది సెకనుకు 20 టిక్‌లు కొడుతుంది, అంటే ఒక్కో టిక్‌కి 50 మిల్లీసెకన్ల గడువు. ఆ లోపల గొర్రె ఎటు నడవాలో, నీళ్లు ఎటు పారాలో, ఫర్నేస్ ఎంత కాలిందో అన్నీ తేల్చేయాలి. గడువు దాటితే లెక్క వదిలేయదు, కాలాన్నే సాగదీస్తుంది. ఫర్నేస్‌లో ఒక రాయికి 200 టిక్‌లు. నాకు 22 సెకన్లు పట్టిందంటే ఒక్కో టిక్‌కి 110 మిల్లీసెకన్లు. ఎఫ్3 నొక్కి ఎడమ పక్కన ఇంటిగ్రేటెడ్ సర్వర్ అని రాసి ఉన్న వరుస చూశాను. 108, 112, 109. స్టాప్‌వాచ్ చెప్పిందే అక్కడా ఉంది. 20 నిమిషాల్లో గడవాల్సిన రోజు నా దగ్గర 44 నిమిషాలు నడుస్తోంది. నేను రెండు వారాలు మందు వేసింది ఒక జబ్బుకి, ఇది ఇంకో జబ్బు.

చెల్లికి ఫోన్ చేశాను.

"నా దగ్గర బాగానే ఉంది కదా అన్నయ్యా, 40 దాటట్లేదు" అంది.

"40 అంటే నీ మెషీన్ కూడా గడువు అంచుకు వచ్చినట్టేనే. ఇంకొంచెం పెరిగితే నీకూ ఇదే అవుతుంది."

బరువు ఎక్కడుందో కనుక్కోవడానికి తేలిక దారి నడవడమే. 1.18లోనే సిమ్యులేషన్ డిస్టెన్స్ అనే ఇంకో సెట్టింగ్ వచ్చింది. మన చుట్టూ ఎన్ని చంకుల్లో ప్రాణులు కదలాలో, పైరు పెరగాలో అది చెబుతుంది. దాన్ని 5కి తగ్గించి, ఎఫ్3 తెరిచి పెట్టుకుని ఊరి నుంచి బయటికి నడిచాను. బరువైన చోటు వెనకబడగానే అంకె పడిపోవాలి. చెరువు దాటాను, 106. కొండ ఎక్కాను, 101. ఊరు కనుచూపు మేరలో లేదు, 600 బ్లాకుల దూరం వచ్చేశాను, అంకె కదలదు. ఇక్కడ చుట్టూ గడ్డి తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి ఆట ఆపేసి పడుకున్నానన్న మాటే గానీ నిద్ర పట్టలేదు.

మర్నాడు సాయంత్రం దిక్సూచి గుర్తొచ్చింది. ఆటలో మామూలు దిక్సూచి ఉత్తరం చూపించదు, మనం ఈ ప్రపంచంలో మొట్టమొదట అడుగుపెట్టిన చోటు వైపు చూపిస్తుంది. మేమున్న వెర్షన్‌లో ఆ చోటు చుట్టూ 19 చంకుల చదరం ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. మనం ఎంత దూరం పోయినా అక్కడి ప్రాణులు నడుస్తూనే ఉంటాయి. 1.20.5లో ఆ చదరాన్ని బాగా తగ్గించారు, మాకు మాత్రం పాతదే. నాలుగు ఇనుప కడ్డీలు, రెడ్‌స్టోన్ అనే ఎర్ర పొడి ఒకటి పెట్టి దిక్సూచి తయారుచేసి, ముల్లు చూపిన వైపే నడిచాను. ఊరి వెనక సందులోంచి, గోధుమ చేను పక్కనుంచి తీసుకెళ్లి మా మొదటి రాత్రి మట్టిగుడిసె ముందు నిలబెట్టింది. తలుపు కూడా లేని గుడిసె. దాని వెనకే గొర్రెల దొడ్డి.

కంచె మీదకెక్కి చూశాను. చెల్లికి రంగులంటే ప్రాణం. పదహారు రంగుల గొర్రెలూ ఉండాలని మొదలుపెట్టింది. తన వంతులో తను గోధుమలు పెట్టి పిల్లలు చేయించింది, నా వంతులో నేనూ అదే చేశాను. ఎవరం లెక్కపెట్టలేదు. ఎఫ్3లో ప్రాణుల లెక్క చూస్తే 300 దాటింది, అందులో గొర్రెలే 240 దాకా ఉంటాయి. కింద నేల కనిపించట్లేదు. ఎర్రవీ, నీలివీ, ఊదావీ ఒకదాన్నొకటి తోసుకుంటూ మొత్తం దొడ్డి ఉడుకుతున్నట్టుంది. ఆ తోపులాటే బరువు. ఒక్కో గొర్రె తన పక్కన ఎవరున్నారో ప్రతి టిక్‌లోనూ చూసుకోవాలి. ఇరుకు చోట గొర్రెలు రెండింతలైతే ఆ లెక్క నాలుగింతలవుతుంది. లిథియం లేకపోతే నా మెషీన్ ఇంకా ఎంత ఇబ్బంది పడేదో!

వాటిని చంపడం ఇద్దరికీ ఇష్టం లేదు. చెల్లి అయితే "ఒక్కటి తగ్గినా ఒప్పుకోను" అని ముందే చెప్పింది. తోలుకుపోదాం అనుకున్నాం. చేతిలో గోధుమ పట్టుకుంటే గొర్రెలు వెంట నడుస్తాయి. చెరువు అవతల, దిక్సూచి చదరానికి బాగా బయట, ఒకదానికొకటి దూరంగా మూడు దొడ్లు కట్టాను. మనం దగ్గరికి వెళ్తేనే అవి మేలుకుంటాయి, లేకపోతే కదలకుండా ఉండిపోతాయి. రెండు సాయంత్రాలు పట్టింది. పదిహేను ఇరవై చొప్పున తీసుకెళ్లడం, వెనకబడినవాటి కోసం మళ్లీ రావడం, అడవి అంచున తోడేళ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి పోవడం. ప్రతి విడతకీ ఎఫ్3లో అంకె తగ్గుతుంటే కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. 97, 81, 66. 50 దిగువకు వచ్చిన క్షణాన పట్టాల బండి ఒక్కసారిగా మామూలు వేగం అందుకుంది.

పక్కనే ఉన్న సామాన్ల గదిలో 140 హాపర్లు, అంటే వస్తువుల్ని పట్టి పెట్టెల్లోకి పంపే గరాటులు, కూడా అదే చదరంలో ఉన్నాయి. పైన ఖాళీగా ఉన్న హాపర్ ఏదైనా వస్తువు పడుతుందేమో అని పైకి చూస్తూనే ఉంటుంది. పైన ఒక కంపోస్టర్ (ఎరువు తొట్టి) పెట్టి మూసేస్తే ఆ చూపు ఆగిపోతుంది. లిథియం ఉన్న నా దగ్గర దీంతో పెద్ద తేడా రాలేదు, చెల్లి దగ్గర లిథియం లేదు కాబట్టి తన కోసం మూశాను.

అంతా అయ్యాక ఎఫ్3లో అంకె 19 దగ్గర ఆగింది. ఫర్నేస్ ముందు కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కాను. 10 సెకన్లు. జిప్ చేసి, వంతు చెల్లికి అప్పగించాను.

వారం తర్వాత ప్రపంచం తిరిగి వచ్చింది. తెరవగానే అలవాటుగా ఎఫ్3 నొక్కాను. 20. గుడిసె దగ్గరికి వెళ్లి చూస్తే ఖాళీ దొడ్డిలో రెండు గొర్రెలు నిలబడి ఉన్నాయి, ఒకటి తెల్లది, ఒకటి గులాబీది. కంచెకి ఒక బోర్డు: "ఈ రెండూ ఇక్కడే ఉంటాయి అన్నయ్యా. వీటికి గోధుమలు పెట్టకు."