చిల్లర బాకీ

బుధవారం, రాత్రి 10 దాటింది.

పొద్దున కోడలు డ్యూటీకి వెళ్తూ రోజూలాగే అన్నీ అప్పజెప్పింది. "మామయ్యా, పదకొండింటికి కిచిడీ, నెయ్యి మర్చిపోకండి. ఇవాళ ఐరన్ మందు రోజు, ఒక్క మి.లీ. మాత్రమే." ఆమె నర్సు. మా అబ్బాయి ఏడు కాకుండానే విజయవాడ రైలెక్కేస్తాడు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నేల మీద కూర్చోలేదు. కాబట్టి పగలంతా 14 నెలల బుజ్జమ్మకి డ్రైవరూ కండక్టరూ నేనే. 34 ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టినవాణ్ణి, ఒక్క ప్యాసింజరు ఎంతలే అనుకున్నాను మొదట్లో.

ఆ ఐరన్ మందు ఆరు నెలలు నిండినప్పటి నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలందరికీ వారానికి రెండుసార్లు వేస్తారు. ఇనుము చాలకపోతే రక్తమే కాదు, మెదడు ఎదుగుదల కూడా దెబ్బతింటుందని కోడలు చెప్పింది. మొదటివారం పిల్లకి విరేచనం నల్లగా అయిందని మా ఆవిడ వీధి వీధంతా లేపింది. ఐరన్ వేస్తే అలాగే అవుతుందత్తయ్యా అని కోడలు ఫోనులో ఒకటే నవ్వు.

పిల్లకి ఈమధ్య పంచదార డబ్బా మూత దొరికింది. స్టీలుది. గచ్చు మీద వదుల్తుంది. అది గిరగిరా తిరిగి, చివర్లో గడగడా కొట్టుకుని, టక్కున ఆగుతుంది. ఆగిన మరుక్షణం మూతకేసి చూడదు, నా మొహంలోకి చూస్తుంది. నేను "పడిపోయిందీ!" అనాలి. అంటే పాక్కుంటూ వెళ్ళి తెచ్చి నా చేతిలో పెడుతుంది. నేను మళ్ళీ తనకివ్వాలి. ఇదీ ఆట.

మా అబ్బాయి మెదడు పెరుగుతుందని ఏవో బొమ్మల కార్డులు కొనుక్కొచ్చాడు. ఒంటె కార్డుని పిల్ల సగం నమిలేసింది. ఆ డబ్బుతో నెలరోజుల గుడ్లు వచ్చేవి.

ఇవాళ జరిగింది రాసుకోవాలి. పదిన్నరప్పుడు ఫోనులో మా రిటైరైన వాళ్ళ గ్రూపులో వచ్చే నెల భోజనాల గురించి గొడవ. గుత్తివంకాయా, బంగాళదుంప వేపుడా అని. నేనూ దూరాను. పిల్ల మూత తెచ్చి నా మోకాలి మీద పెట్టింది. "ఊఁ" అన్నాను, తలెత్తకుండా. మూతతో మోకాలి మీద కొట్టింది. "ఊఁ ఊఁ." లుంగీ పట్టుకుని లాగింది, "ఆఁ" అని ఒక్క అరుపు అరిచింది. నేను వంకాయ దగ్గరే ఉన్నాను. కాసేపటికి చప్పుడు లేదేమా అని చూస్తే, నాకు వీపు పెట్టి, గోడకేసి తిరిగి కూర్చుని మూత అంచు చీకుతోంది. పిలిస్తే వెంటనే తిరగలేదు. ఎత్తుకున్నాక అప్పుడు ఏడ్చింది.

మా ఇంట్లో పిల్లకి ఫోను చూపించి అన్నం పెట్టం అని నలుగురిలో గొప్పలు చెప్పుకునేది నేనే. రెండేళ్ళు నిండేదాకా తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందని కోడలంటే, దాన్ని పట్టుకుని పక్కింటావిడకి క్లాసు కూడా పీకాను. పిల్ల చేతిలో లేదు సరే, నా చేతిలో ఉందిగా!

సాయంత్రం కోడలికి చెప్పేశాను. ఏమన్నా అంటుందేమో అనుకున్నాను. బట్టలు మడతపెడుతూ ఒక సంగతి చెప్పింది. 1970లలో అమెరికాలో ట్రోనిక్ అనే సైకాలజిస్టు, బిడ్డతో ఆడుతున్న తల్లిని కాసేపు మొహంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తూ ఉండమన్నాడట. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, గోల చేస్తుంది. తల్లి పలక్కపోయేసరికి మొహం తిప్పేసుకుంటుంది. అచ్చం మా గోడ దగ్గర సీనే. "మళ్ళీ పలికితే సర్దుకుంటారు మామయ్యా, రోజూ అదే అయితేనే కష్టం" అంది.

ఇంకో లెక్క కూడా చెప్పింది. పుట్టినప్పుడు మెదడు పెద్దవాళ్ళ మెదడులో పావు వంతే ఉంటుందట, ఏడాది తిరిగేసరికి రెట్టింపు, మూడేళ్ళకి 80 శాతం. ఈ వయసులో మెదడు కణాల మధ్య సెకనుకి 10 లక్షలకి పైగా కొత్త లింకులు పడతాయట. నేను కాగితం తీశాను. రోజుకి 400 టిక్కెట్లు, ఏడాదికి 300 రోజులు, 34 ఏళ్ళు. నలభై లక్షల చిల్లర టిక్కెట్లు. నా సర్వీసంతా కలిపితే మనవరాలి నాలుగు సెకన్లు! వాడని లింకులు తర్వాత తెగిపోతాయంది. అది నాకు వేరే చెప్పక్కర్లేదు, జనం ఎక్కని రూటు ఎన్నాళ్ళు నడుస్తుంది?

మా అమ్మకి సంతకం రాదు. పిల్లల అరచేతిలో మోచేత్తో పప్పు రుబ్బి, ఒక్కో వేలికీ ముద్ద పెట్టి, అత్తారింటి దారి వెతుక్కుంటూ చంక దాకా వేళ్ళు నడిపించేది. చంక ఇంకా జానెడు దూరం ఉండగానే మేం నవ్వు మొదలెట్టేవాళ్ళం. అమ్మ అక్కడ ఆగి మా మొహాల్లోకి చూసేది. రాత్రి బుజ్జమ్మకి అదే ఆడించాను. రెండోసారికే చెయ్యి తనే చాపింది.

బస్సులో చిల్లర లేకపోతే టిక్కెట్టు వెనక బాకీ రాసిచ్చేవాళ్ళం. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. కొందరు మర్చిపోయి దిగిపోయేవాళ్ళు. పిల్ల మూత ఇచ్చింది, నేను తిరిగివ్వలేదు.

అన్నాలయ్యాక ఫోను బీరువా మీద పెట్టి నేల మీద కూర్చున్నాను. పదిహేడు సార్లు ఇచ్చింది, పదిహేడు సార్లు ఇచ్చాను. పన్నెండో సారికే నా నడుం పట్టేసింది, తనకేం కాలేదు.

పడుకోబోతూ మా ఆవిడ అడిగింది, పంచదార డబ్బా మూతేదండీ, చీమలు పడుతున్నాయి అని. పళ్ళెం బోర్లించమన్నాను.