హైస్కూలు కాలిక్యులస్‌కు యూనివర్సిటీ క్రెడిట్

అమెరికాలో చదువుతున్న మా అన్నయ్య కూతురు ఈ మే నెలలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి రాసే పరీక్షలు) కాలిక్యులస్ బీసీ పరీక్ష రాయబోతోంది కనుక, దానికి వచ్చే యూనివర్సిటీ క్రెడిట్ గురించి, అంటే ఆ కోర్సు అక్కడ పూర్తిచేసినట్టే లెక్కించడం గురించి, నాకు తెలిసినది రాస్తున్నాను. కాలేజ్ బోర్డ్ నిర్వహించే ఈ పరీక్షకు 1 నుంచి 5 వరకు స్కోరు ఉంటుంది. దానికి క్రెడిట్ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత అన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీయే నిర్ణయించుకుంటుంది. బీసీలో 5 వస్తే ఎంఐటీ తన మొదటి కాలిక్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది, బీసీ కన్నా తక్కువ పాఠ్యాంశాలుండే కాలిక్యులస్ ఏబీ పరీక్షకు ఇవ్వదు. కాల్‌టెక్ అయితే ఈ స్కోర్లకు క్రెడిట్ ఇవ్వనే ఇవ్వదు.

క్రెడిట్ వచ్చింది కదా అని నేరుగా పై కోర్సులో చేరే ముందు, ఏబీలో లేని అనంత శ్రేణులు (అంతులేకుండా సాగే పదాల మొత్తాలు) ఎంతవరకు వచ్చో సరిచూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. సైన్ ఎక్స్‌కు టేలర్ శ్రేణిలో మొదటి రెండు పదాలు, అంటే ఎక్స్ మైనస్ ఎక్స్ ఘనం బై 6, పిల్లలు ఇట్టే రాసేస్తారు. అక్కడితో ఆపేస్తే దోషం, అంటే అసలు విలువతో వచ్చే తేడా, ఎంతకు మించదో చెప్పమంటే మాత్రం తడబడతారు. ఇంజనీరింగ్‌లో పనికొచ్చేది ఆ అంచనాయే. అది సొంతంగా చేయగలిగినవారు నిస్సంకోచంగా క్రెడిట్ తీసుకోవచ్చు, ఒక కోర్సు ఫీజు కూడా మిగులుతుంది. చేయలేనివారు రెండో కాలిక్యులస్ కోర్సును మళ్లీ చదవడమే మేలు.