ఆ పేషెంట్ ఎవరికి కొత్త?

బీఫార్మసీ అయ్యాక అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష గట్టెక్కి, హైటెక్ సిటీలో మెడికల్ కోడర్‌గా చేరాను. అమెరికా క్లినిక్‌ల చార్టులు చదివి, బిల్లింగ్ కోసం ఒక్కో విజిట్‌కి కోడ్లు వేయాలి. ట్రైనింగ్‌లో న్యూ పేషెంట్ విజిట్లు భలే తేలిగ్గా అనిపించాయి. ఉన్నవే నాలుగు కోడ్లు, 99202 నుంచి 99205 దాకా, నంబర్ పెరిగేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. 99201ని 2021లోనే తీసేశారు.

ప్రొడక్షన్‌లోకి వచ్చిన రెండో వారంలో ఒక కార్డియాలజీ చార్ట్ పడింది. గుండె దడతో వచ్చిన న్యూ పేషెంట్ అని డాక్టర్ మొదటి లైన్లోనే రాశారు. 99204 వేసేసి తర్వాతి చార్ట్ తెరిచాను. మర్నాడు ఆడిట్‌లో ఎర్రర్! డాక్టరే న్యూ అని రాస్తే నా తప్పేంటని మా పని తనిఖీ చేసే క్యూఏ అక్క దగ్గరికి వెళ్లి వాదించాను. అక్క మారుమాట్లాడకుండా పాత విజిట్ల స్క్రీన్ తెరిచింది. రెండేళ్ల రెండు నెలల కిందట ఆ పేషెంట్ అదే గ్రూప్‌లో ఇంకో కార్డియాలజిస్ట్‌కి చూపించుకున్నాడు.

“డాక్టర్‌కి కొత్తేనమ్మా. గ్రూప్‌కి పాతవాడే కదా” అంది.

రూలు నాకు రాక కాదు, చూడాలని తట్టలేదు. గత 3 ఏళ్లలో ఆ డాక్టర్ గానీ, అదే గ్రూప్‌లో సరిగ్గా అదే స్పెషాలిటీ, సబ్‌స్పెషాలిటీ ఉన్న మరో డాక్టర్ గానీ చూసి ఉంటే ఎస్టాబ్లిష్డ్, అంటే పాత పేషెంట్ కిందే లెక్క. ఆ పాత డాక్టర్ వేరే సబ్‌స్పెషాలిటీ, అంటే గుండె లయను చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్ట్ అయి ఉంటే నా కోడ్ నిలబడేది. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) పేషెంట్ విషయంలోనైతే, గ్రూప్ డాక్టర్ మనిషిని చూడకుండా ఈసీజీ రిపోర్ట్ మాత్రమే చదివి ఉన్నా కొత్త కిందే లెక్క. ఇక్కడ అవేవీ కావు. పాత పేషెంట్ కోడ్ 99214కి మార్చాను. అప్పటినుంచి నోట్ కంటే ముందు విజిట్ హిస్టరీయే తెరుస్తున్నాను.

రెండో దెబ్బ లెవెల్ దగ్గర తగిలింది. బీపీ, షుగర్ రెండూ కంట్రోల్‌లో ఉన్న పేషెంట్. చివర్లో డాక్టర్ 35 నిమిషాలు అని రాశారు. 99203కి కనీసం 30 నిమిషాలు, 99204కి 45. కాబట్టి కళ్లు మూసుకుని 99203 వేశాను. టైమ్ కనబడితే పట్టుకుని వేలాడటం కొత్త కోడర్లందరి జబ్బే. కానీ టైమ్, ఎండీఎం (డాక్టర్ తీసుకున్న వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైందన్న లెక్క) రెండింట్లో ఏది ఎక్కువ లెవెల్ ఇస్తే అది తీసుకోవచ్చు. స్టేబుల్‌గా ఉన్న క్రానిక్ జబ్బులు రెండు, పైగా మందుల మీద నిర్ణయం. ఎండీఎంలోని మూడు అంశాల్లో రెండు మోడరేట్‌కి వచ్చేశాయి. అంటే 99204. ఎక్కువ కోడ్ వేయడమే తప్పనుకునేదాన్ని, తక్కువ వేసినా ఎర్రరేనని అప్పుడు అర్థమైంది.

మందుల దగ్గర మాత్రం ఇప్పటికీ అనుమానంగానే చదువుతాను. బీపీ 128/78, అదే డోసు కొనసాగించాలి, రీఫిల్ పంపాను అని ఉంటే డాక్టర్ ఆలోచించినట్టు. పాత లిస్ట్ తెచ్చి అతికిస్తే అది లిస్టే.

మొన్న ఒక చార్ట్‌లో పాత విజిట్ కనబడగానే ఎస్టాబ్లిష్డ్ అని వేయబోయి ఆగాను. అదే డాక్టర్, అదే క్లినిక్. క్యాలెండర్ ముందు పెట్టుకుని రెండుసార్లు లెక్కేశాను. 3 ఏళ్ల 4 రోజులు. 99203 వేశాను.