గొయ్యి తవ్వి చూడమన్న కవి

ఒక నేల ఏ పంటకు పనికొస్తుందో తెలియాలంటే ప్రాచీన రోమన్ కవి వర్జిల్ చెప్పే పద్ధతి ఇది. గట్టిగా ఉన్నచోట లోతుగా గొయ్యి తవ్వాలి. తీసిన మట్టినంతా తిరిగి అందులోనే పోసి, పైన కాళ్లతో తొక్కి చదును చెయ్యాలి. మట్టి చాలక గొయ్యి వెలితిగా ఉండిపోతే అది గుల్ల నేల, ద్రాక్షకూ పశువుల మేతకూ మంచిది. గొయ్యి నిండిపోయి ఇంకా మట్టి మిగిలితే అది బిగువు నేల. ధాన్యం బాగా పండుతుంది గానీ పెడ్డలు మొండికేస్తాయి, దున్నడానికి బలమైన ఎడ్లు కావాలి.

పెడ్డలు చితక్కొట్టకుండా పోస్తే మధ్యలో సందులు ఉండిపోయి ఏ నేలైనా మట్టి మిగిలినట్టే కనిపిస్తుంది. పరీక్ష తప్పేది ఎక్కువగా అక్కడే. పైగా ఇది చెప్పేది నేల బిగువు గురించే, సారం గురించి కాదు. అందుకే వర్జిల్ అక్కడితో ఆగడు. చవుడు పట్టిన నేలకు ఇంకో పరీక్ష చెబుతాడు. పొగచూరిన ఇంటికప్పు కింద వేలాడే ఒత్తైన అల్లిక బుట్టను దింపి, ఆ మట్టి, ఊట మంచినీళ్లు కలిపి నిండా పోసి తొక్కమంటాడు. అల్లిక సందుల్లోంచి పెద్ద పెద్ద చుక్కలు కారతాయి. నాలుక మీద వేసుకున్నవాడి మొహం చేదుకు వంకర తిరిగితే ఆ నేల పైరుకు పనికిరాదు, ఎంత దున్నినా మెత్తబడదు. ఇవాళ భూసార పరీక్షలో కూడా మట్టిని నీళ్లలో కలిపి ఆ నీటిలో ఉప్పు ఎంతుందో చూస్తారు. నాలుక చేసిన పని ఇప్పుడు విద్యుత్ వాహకత మీటరు చేస్తోంది, అంతే. ఇక జిగురు నేల సంగతికొస్తే, చేతుల్లో ఎంత ఎగరేసినా పొడి కాదు, పట్టుకున్న కొద్దీ తారులా వేళ్లకు అంటుకుంటుంది అంటాడు. నల్లరేగడి పిసికి చూసిన ఎవరికైనా ఈ మాట వేళ్లకే అర్థమవుతుంది.

ఇదంతా ‘జార్జిక్స్’ అనే కావ్యం రెండో భాగంలో ఉంది. వర్జిల్ క్రీ.పూ. 70లో ఉత్తర ఇటలీలోని మాంటువా దగ్గర పుట్టాడు. క్రీ.పూ. 29 ప్రాంతంలో పూర్తయిన ఈ కావ్యంలో నాలుగు భాగాలు, 2,188 పాదాలు. పైర్లు, చెట్లు, పశువులు, తేనెటీగలు, ఆ వరసలో నడుస్తుంది.

గోడ గడియారాల మీద కనిపించే "కాలం పారిపోతోంది" అన్న మాట పుట్టింది ఇక్కడే. మూడో భాగంలో 284వ పాదం. పశువుల గురించి ఇష్టంకొద్దీ ఒక్కో వివరం చుట్టూ తిరుగుతూ, ఈలోపు తిరిగిరాని కాలం పారిపోతోంది, ఇక గొర్రెలూ మేకలూ మిగిలి ఉన్నాయి అని తనను తానే తొందర చేసుకుంటాడు. "బతుకులో మంచి రోజులే ముందు పారిపోతాయి" అన్నదీ అంతే. ఆవు ఈతకు సరైన వయసు నాలుగేళ్లు దాటాక మొదలై పదేళ్లలోపు అయిపోతుందని లెక్క చెప్పి, ఆ వెంటనే అన్న మాట అది. కాబట్టి ఏటా కొత్త దూడల్ని ఏరి మందలో నింపుతూ ఉండమంటాడు. సూక్తిని కోసి పటం కట్టుకున్నవాళ్లు ఈ పనిని వదిలేశారు. నన్నడిగితే అసలు విలువైనది ఆ "ఏటా" అన్నదే.

విత్తనాల దగ్గర అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గింజ పెద్దది కావాలని కొందరు విత్తేముందు నేట్రం అనే ఖనిజ క్షారంలోనూ, ఆలివ్ నూనె తీశాక మిగిలే నల్లటి మడ్డినీళ్లలోనూ నానబెట్టడం చూశానంటాడు. ఎంత ఏరినా, ఎంత పరీక్షించినా, ఏటేటా మనిషి చేత్తో అన్నిటికన్నా పెద్ద గింజల్ని ఏరకపోతే విత్తనం దిగజారిపోవడమూ చూశానంటాడు. ఎదురు ప్రవాహంలో తెడ్డు వేసేవాడు ఒక్క క్షణం చేతులు సడలిస్తే ఏరు పడవను వెనక్కి లాక్కుపోయినట్టు. బరువైన కంకులు ఏరి విత్తనానికి విడిగా కట్టి పెట్టుకునే ఇళ్లలో ఈ పోలికకు వివరణ అక్కర్లేదు.

కళ్లం గురించి చెప్పింది చదువుతుంటే మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. పెద్ద గుండుతో చదును చెయ్యాలి, చేత్తో మట్టి తిరగెయ్యాలి, జిగురు సుద్దమట్టితో గట్టిపరచాలి. మనం పేడతో అలుకుతాం, తేడా అదొక్కటే. ఎందుకో కూడా చెబుతాడు: గడ్డి మొలవకుండా, దుమ్ము లేచి నేల బీటలివ్వకుండా. బీటలిచ్చిందా, చుంచెలుక కింద ఇల్లు కట్టి గాదె పెట్టుకుంటుంది, కప్ప దూరుతుంది, ముక్కపురుగు రాశిని తినేస్తుంది, ముసలితనం వస్తే ఎలాగని భయపడే చీమ మోసుకుపోతుంది.

పంట మార్పిడిలోనూ ఆయన కన్ను సూటిగా ఉంది. గోధుమ జాతి పైరుకు ముందు పప్పు పంటో, వెచ్ లేదా లూపిన్ లాంటి కాయజాతి మొక్కో వెయ్యమంటాడు. అవిసె గింజల పైరు, ఓట్లు, గసగసాలు నేలను కాల్చేస్తాయనీ, అవి వేస్తే పశువుల ఎరువు, బూడిద చల్లాలనీ హెచ్చరిస్తాడు. కాయజాతి వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించింది 1880లలో. వరి కోశాక మినుమో పెసరో చల్లేవాళ్లు, జనుము కలియదున్నేవాళ్లు చేస్తున్నదీ ఆ పనే.

తప్పులూ ఉన్నాయి, దాచనక్కర్లేదు. తేనెపట్టుకు రాజు ఉంటాడన్నాడు, ఉండేది రాణి. చంపిన కోడె కళేబరంలోంచి తేనెటీగలు పుడతాయన్నాడు. అచ్చం తేనెటీగలా కనిపించే ఒక రకం ఈగను చూసి ఈ నమ్మకం పుట్టి ఉంటుందని చాలామంది అంటారు. కోసిన చేలో మోళ్లు తగలబెట్టడం మంచిదన్నాడు, దానివల్ల నేలలో కలవాల్సిన సేంద్రియ పదార్థం కాలిపోతుంది. సుమారు 90 ఏళ్ల తర్వాత రోమన్ తత్వవేత్త సెనెకా జూన్ చివర్లో ఒకేరోజు చిక్కుడు కోయడం, వరిగ విత్తడం చూసి, రెండూ వసంతంలోనే విత్తాలన్న వర్జిల్ మాట తప్పని పట్టుకున్నాడు. ఆయన రాసింది రైతులకు నేర్పడానికి కాదు, చదివేవాళ్లను అలరించడానికే అని తేల్చేశాడు. ఆ తీర్పు నాకు ఒప్పుదల కాదు. అలరించడానికే అయితే లేత తీగ ఆకేస్తున్నప్పుడు కత్తి తగలనివ్వకు, వేళ్లతోనే గిల్లు అని చెప్పే పని ఏముంది? మొక్క నాటే గుంతలో నీరు ఇంకే రాయో గరుకు గవ్వలో పాతిపెట్టు, నీళ్లు సందుల్లోంచి దిగుతాయి అని చెప్పే పని ఏముంది?

నాలుగో భాగంలో దక్షిణ ఇటలీలోని టరెంటమ్ దగ్గర ఒక ముసలాయన కనిపిస్తాడు. ఎవరికీ అక్కర్లేని కొద్దిపాటి నేల, అరకకు పనికిరాదు, మేతకు పనికిరాదు, ద్రాక్షకూ పనికిరాదు. ముళ్లపొదల మధ్య ఎడంగా కూరగాయలు, చుట్టూ తెల్ల లిల్లీలు, గసగసాలు వేశాడు. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చి, కొనకుండా దొరికినవాటితోనే బల్ల నింపేవాడు. వసంతంలో మొదటి గులాబీ, శరత్తులో మొదటి ఆపిల్ అతనివే. బాగా ఎదిగిన ఎల్మ్ చెట్లను, అప్పటికే తాగేవాళ్లకు నీడనిస్తున్న ప్లేన్ చెట్టును కూడా తీసి వరసగా నాటి బతికించాడు.

తోటల గురించి ఇంకా చెప్పాలని ఉంది గానీ చోటు చాలదు, నా తర్వాతివాళ్లకు వదిలేస్తున్నా అని వర్జిల్ అక్కడ ఆగిపోతాడు. వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా తర్వాతి శతాబ్దంలో ఆ మాట పట్టుకున్నాడు. మిగతా గ్రంథమంతా వచనంలో రాసి, తోటల మీది పదో భాగాన్ని మాత్రం వర్జిల్ ఛందస్సులోనే పద్యంగా రాశాడు.