బాణీ ఎక్కడ కూర్చోవాలి, నాన్నమ్మ ఎక్కడ కూర్చోవాలి

ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో 13 ఏళ్లు కాపురం చేసి కిందటి సంవత్సరం విజయవాడకు తిరిగి వచ్చినప్పుడు, మా సామానులోకెల్లా పెద్దది 102 సెంటీమీటర్ల పొడవు, 69 సెంటీమీటర్ల వెడల్పు, 76 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒక ప్లాస్టిక్ పెట్టె. అందులో మా లాబ్రడార్ బార్నీ ఉన్నాడు. రెండేళ్లకు పైబడి విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వచ్చేవారు పెంపుడు జంతువును వెంట తెచ్చుకోవచ్చు కనుక, కాగితాల కోసం ఎంత తిరిగినా చివరికి ఆ పని జరిగింది. సజావుగా జరగనిదల్లా శంషాబాదు నుంచి విజయవాడకు ఉన్న 275 కిలోమీటర్ల ప్రయాణమే. ముందుగా మాట్లాడుకున్న కారు డ్రైవరు పెట్టెను చూసి, పెట్టెలోని ప్రాణిని చూసి, సీట్లు పాడైతే ఓనరు ఊరుకోడని చెప్పి వెళ్లిపోయాడు. తెల్లవారుజామున దొరికిన ఒక ట్రాలీ బండిలో కుక్కతో పాటు మావారు ఎక్కారు. పిల్లలూ నేనూ మరో కారులో ఆ బండి వెనకే వచ్చాము. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు తొమ్మిదేళ్ల మా అబ్బాయి, "ఇక్కడ బార్నీ కూడా సామానేనా అమ్మా?" అని అడిగాడు. కారు కొనే వ్యవహారం మా ఇంట్లో ఆ ప్రశ్నతోనే మొదలయింది.

పిల్లలు పుట్టి పెరిగిన చోట పద్ధతి వేరు. అక్కడి రోడ్డు నియమావళిలోని 57వ నియమం కారులో కుక్కను పట్టీతోనో, పంజరంతోనో, జాలీతోనో కట్టడిలో ఉంచమంటుంది. పిల్లలకైతే 12 ఏళ్లు నిండేదాకా గానీ, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా గానీ ప్రత్యేకమైన సీటు తప్పనిసరి. అందుచేత కారు కదలక ముందు అందరూ, కుక్కతో సహా, ఎవరి కట్లలో వారు ఉండటం మా పిల్లలకు పళ్లు తోముకోవడం వంటి అలవాటు. విజయవాడలో వాళ్ల పెదనాన్నగారి పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని బెల్టు ఊసే ఎత్తకుండా బందరు రోడ్డంతా తిరుగుతారు. "కుక్కకి బెల్టేమిటే?" అని వాళ్లు నవ్వితే, "మరి నీకెందుకు లేదు?" అని మా అమ్మాయి ఎదురడిగింది. పెద్దల ముందు అలా మాట్లాడకూడదని నేను దాన్ని మందలించిన మాట నిజమే. కానీ 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు లేకుండా తీసుకువెళితే 1000 రూపాయల జరిమానా అని మన చట్టమూ చెబుతున్నప్పుడు, ఆ మందలింపులో నాకే బలం కనిపించలేదు.

అసలు చిక్కు మా అత్తయ్యగారి దగ్గర వచ్చింది. ఆమె కుక్కలంటే గిట్టని మనిషి కాదు. సత్యనారాయణపురంలోని ఇంటి ముందు వీధికుక్కకు ఇరవై ఏళ్లుగా పెరుగన్నం పెడుతున్నారు, అయితే గేటు బయట. స్నానం చేసి గుడికి బయలుదేరిన మనిషికి కుక్క తగిలితే మళ్లీ స్నానమే. బార్నీ ఆమె నోట మొదటి వారంలోనే బాణీ అయ్యాడు, పేరు పెట్టి పిలవడం దాకా వచ్చారు కదా అని మేము సంతోషించాము. ఒకే కారులో ప్రయాణం అనేసరికి మాత్రం ఆమె గేటు మూసేశారు. రాత్రిళ్లు ఆమె చెప్పిన కథనే మనవడు ఆమె మీద ప్రయోగించాడు: ఇంద్రుడు రథం తెచ్చి స్వర్గానికి రమ్మంటే ధర్మరాజు కుక్క లేకుండా ఎక్కనన్నాడు కదా నాన్నమ్మా అని. ఆమె తడుముకోలేదు. "ఆ కుక్క రథం ఎక్కలేదురా నాయనా, ఎక్కేలోపే యమధర్మరాజుగా మారింది. మీ బాణీని కూడా మారి ఎక్కమను, నేను జరిగి చోటిస్తాను" అన్నారు.

కాబట్టి మాకు కావలసిన కారు లెక్క ఇది: అయిదుగురు మనుషులు, 33 కిలోల కుక్క, కుక్కకూ నాన్నమ్మకూ మధ్య దాటరాని హద్దు, పిల్లలకు మాత్రం వాడు కళ్ల ముందే కనిపించాలి. చుట్టాలు తలొక సలహా ఇచ్చారు. విదేశం నుంచి వచ్చినవాళ్లు కనుక ఎత్తయిన పెద్ద బండి కొనకపోతే బాగుండదన్నారు ఒకరు. మామూలు సెడాన్ కొని కుక్కను డిక్కీలో వేసుకోమన్నారు మరొకరు, ఏ దురుద్దేశమూ లేకుండానే. గాలీ వెలుతురూ లేని ఆ మూసిన డిక్కీలో ఏ ప్రాణినీ ఒక్క నిమిషమైనా ఉంచకూడదని మా అమ్మాయి ఆయనకు తెలుగులోనే వివరించింది, "ఊపిరాడక" అనే మాట నన్నడిగి నేర్చుకుని మరీ.

రెడింగులో మేము వాడినది వెనక భాగం పొడవుగా సాగి ఉండే ఎస్టేట్ రకం కారు. టాటా వారు 1992లో ఆ పేరుతోనే ఒక బండి తెచ్చినా, మన దేశంలో ఆ రకం నిలదొక్కుకోలేదు. మూడు వరుసల సీట్లున్న బండి కొని మూడో వరుసను మడిచేయడమే ఇక్కడ దానికి దగ్గరి దారి. ఆ సంగతి తేలాక టేపు పట్టుకుని షోరూములు తిరిగాము. ముక్కు నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి నడినెత్తి దాకా బాణీ కొలతలు విమాన ప్రయాణం కోసం అంతకు ముందే తీసి ఉన్నాయి. అమ్మకపు కుర్రాళ్లు ప్రతిచోటా డిక్కీ ఎన్ని లీటర్లో చెప్పారు. లీటర్లు సూట్‌కేసులకు పనికివస్తాయి. కుక్కకు కావలసినవి నేల పొడవు, పైకప్పు ఎత్తు, వెనక తలుపు గడప నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది. వాడు లేచి నిలబడి, వెనక్కి తిరిగి, మళ్లీ పడుకోగలగాలి. వెనక అద్దం మరీ ఏటవాలుగా ఉంటే కింద కొలత సరిపోయినా వాడి తల దగ్గర చోటు ఉండదు. పైగా మధ్యాహ్నపు ఎండ నేరుగా వీపు మీద పడుతుంది. గడప ఎత్తు అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులకు తుంటి కీళ్ల జబ్బు సహజంగానే ఎక్కువ, ఈ రోజు ఎగిరి ఎక్కేవాడు నాలుగేళ్ల తరువాత ఎక్కలేడు. ఎత్తయిన పెద్ద బండి మా జాబితాలోంచి పోయింది అందుకే.

ఇన్నోవా క్రిస్టాలో మూడో వరుస సీట్లు పక్కలకు మడుచుకుని గోడలకు అతుక్కుంటాయి, దానితో వెడల్పు తగ్గిపోతుంది. ఎర్టిగాలో అవి చదునుగా మడుచుకుంటాయి గానీ, మావారు మనసు పడిన సీఎన్జీ రకంలో గ్యాసు సిలిండరు వెనకే కూర్చుంటుంది. నాకు ఎక్కువగా నచ్చినది రెనో వారి ట్రైబర్. నాలుగు మీటర్లు దాటని ఆ బండిలో మూడో వరుసను పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు, అది తయారీదారే ఇచ్చిన ఏర్పాటు, సత్యనారాయణపురం సందుల్లో తిప్పడమూ తేలిక. అయితే ఒక లీటరు ఇంజనుతో ఇంతమందినీ ఎక్కించుకుని, ఏసీ వేసుకుని హైదరాబాదు వెళ్లిరావడానికి మావారు ఒప్పుకోలేదు. ఈ వాదన మా ఇంట్లో ఇంకా పూర్తిగా చల్లారలేదు.

చల్లదనం సంగతే చివరికి నిర్ణయించింది. బయట 21 డిగ్రీలున్న రోజున కూడా ఆపి ఉంచిన కారులో అరగంటకు 40 డిగ్రీల వేడి పుడుతుంది. రోహిణి కార్తెలో విజయవాడ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38.3 నుంచి 39.2 డిగ్రీలు, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మనలాగా దానికి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని ఉపాయం, చుట్టూ ఉన్న గాలే వేడిగా, ఉక్కగా ఉంటే ఆ ఉపాయమూ చాలదు. అందుకని ఇంగ్లండులో ఎవరూ అడగని ప్రశ్న ఇక్కడ మొదట అడగాలి: ఏసీ గాలి చివరిదాకా వస్తుందా? మా అబ్బాయి ప్రతి టెస్ట్ డ్రైవులోనూ వెనక ఒక థర్మామీటరు పెట్టాడు. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర నిలిచిపోయినప్పుడు ఒక బండిలో ముందు 25, వెనక 34 చూపించింది. కియా కారెన్స్‌లో రెండో వరుసకూ మూడో వరుసకూ పైకప్పు నుంచే గాలి వస్తుంది. అందులో ముందుకూ వెనకకూ తేడా మూడు డిగ్రీలు దాటలేదు. తెల్ల రంగుది తీసుకున్నాము. అద్దాలకు నల్ల ఫిలిం అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది కనుక ఆ ఆలోచన చేయలేదు.

మిగిలినది హద్దు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి, రెండో వరుస వెనక జాలీ కావాలన్నాము. ఆయన వెంటనే బాడీకి వెల్డింగు పెట్టేస్తానన్నారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడం కుదరదు. పైగా పక్క ఎయిర్‌బ్యాగులు పైకప్పు అంచు నుంచి విచ్చుకుంటాయి కనుక అక్కడ ఏదీ అడ్డు ఉండకూడదు. చివరికి సన్నని పైపులతో, సీటు తలాపి కడ్డీలకు బిగించి, కింద స్క్రూ కాళ్లతో నిలబడేలా చేసి ఇచ్చారు, ఎక్కడా చిల్లు పడలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఠక్కున ఆగితే 33 కిలోల కుక్క తన బరువుకు ఎన్నో రెట్ల బలంతో ముందుకొస్తుందని చెప్పినప్పుడు, "అయితే ఇది అమ్మగారి కోసమన్నమాట, కుక్క కోసం కాదు" అన్నారు ఆయన. అత్తయ్యగారికి ఆ మాట నచ్చింది. నేల మీద జారని రబ్బరు పట్టా వేశాము.

ఇంద్రకీలాద్రి కింద వాహన పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించిన రోజున బాణీ ఇంట్లోనే ఉన్నాడు. అది ముందే కుదిరిన ఒప్పందం. మరుసటి ఆదివారం గుంటూరు బ్రాడీపేటలోని మా ఆడపడుచు ఇంటికి మొదటిసారి అందరమూ కలిసి బయలుదేరాము. అత్తయ్యగారు జాలీకి పెడగా కూర్చుని, కాజ టోల్ గేటు వచ్చేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పట్టుచీరకు బొచ్చు అంటకుండా కప్పుకోవడానికి ఆమెది ఒక తెల్ల దుప్పటి, వెనక బాణీకి పరిచేది మరొక తెల్ల దుప్పటి, రెండూ ఒకే కొట్లో కొన్నవి. ఉతికే బకెట్లు వేరు, ఆరేసే తీగలు వేరు. కిందటి వారం మా అమ్మాయి రెండింటినీ కలిపి మిషనులో వేసేసింది. ఏది ఎవరిదో ఇప్పుడు మా ఇద్దరికీ తెలియదు. ఆ సంగతి అత్తయ్యగారికి మేము ఇంతవరకు చెప్పలేదు.