డోర్నకల్ మామయ్య

మా ఇంట్లో డోర్నకల్ అంటే రైల్వే జంక్షన్ కాదు, మామయ్య. పులస దొరికిందని నాన్న కబురు పెడితే మర్నాటికి మా అరుగు మీద ఉండేవారు.

నాన్నది భీమవరం దగ్గరి పల్లె, లూథరన్ శాఖ క్రైస్తవ కుటుంబం. 1966లో రాజమండ్రి లూథర్‌గిరికి దైవశాస్త్రం చదవడానికి వెళ్తే పక్క మంచం ఈయనది. అంతకు రెండేళ్ల ముందే డోర్నకల్, రామాయపట్నం లాంటి చోట్ల విడివిడిగా సాగుతున్న పాదిరీల చదువుల్ని అక్కడికి చేర్చి, ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల పెట్టారు. 1970ల మొదట్లో అది హైదరాబాద్ వెళ్లిపోయింది. మా నాన్నకు మాత్రం అది ఎప్పటికీ రాజమండ్రి కాలేజీయే.

మామయ్య ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు చర్చి వాళ్ల, వారసుడు. కళ్లు మూసుకుని మనసులోంచి ప్రార్థించమంటే తడబడేవారట; చేతిలో ప్రార్థనల పుస్తకం ఉంటే కంచు గొంతు. గదిలో మూడోవాడు రామాయపట్నం బాప్టిస్టు. పసిపిల్లల నెత్తిన నీళ్లు చల్లితే అది బాప్తిస్మం ఎలా అవుతుందని ఆయన, పుస్తకం తెరిచి ఈయన, దీపం ఆర్పమని మా నాన్న.

మామయ్య అసలు గర్వం వాళ్ల అమ్మ. ఆయన తండ్రి డోర్నకల్‌లో అజరయ్య బిషప్పు గారి దగ్గర చదువుకున్నారు. తిరునెల్వేలి సీమ నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడు అజరయ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు. మాలపల్లి నుంచీ మాదిగవాడ నుంచీ వచ్చినవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టారని మామయ్య చెప్పేవారు. అంతకన్నా పెద్ద మాట, “మా అమ్మకూ పలక ఇచ్చారు.” భర్త బోధకుడైతే భార్య వేలిముద్ర వేయకూడదట. ఈ ముక్క కాలేజీల చరిత్రల్లో రెండు వాక్యాలకు మించదు. నాకైతే 1939లో ప్రతిష్ఠించిన ఆ గుమ్మటాల కెథడ్రల్ కన్నా ఆ పలకే గొప్ప.

నా బాప్తిస్మానికి నీళ్లు చల్లింది మామయ్యే. రామాయపట్నం ఆయన గుడి గుమ్మంలోనే నిలబడి, “కానివ్వండి, పెద్దయ్యాక మీ కాలువలో సరిగ్గా ముంచుతాను” అన్నారట.

ఇప్పుడు ముంచాలన్నా మా కాలువ నిండా గుర్రపుడెక్కే.